ఇరువదియొక్క అంకెల సంఖ్య

సంఖ్యకు గుణములు గలవనిన నెల్లరు నొప్పుకొందురు గాని, చరిత్ర గలదనిన కొందఱు నవ్వుదురు. రాజునకు చరిత్ర గలదు, గ్రామమునకు గలదు, గ్రంథమునకు గలదు. పుట్టుట గిట్టుట లేని సంఖ్యకు చరిత్ర యెక్కడిదని వారి యాక్షేపణ. సంఖ్య మాఱదు, నిజమే. దానినిగూర్చి మనుష్యులు నమ్మినది మాత్రము మాఱుచు వచ్చినది. ఆ నమ్మకముల చరిత్రనే మేమిచ్చట చెప్పబూనితిమి. మేమెన్నుకొన్న సంఖ్య యిది: 14,75,73,95,25,89,67,64,12,927. అరువదియేడు రెండ్లను ఒకదానితో నొకటి గుణించి, వచ్చిన లబ్ధమునుండి ఒకటి తీసివేసిన నిది వచ్చును. గణితజ్ఞులు దీనిని 2⁶⁷ − 1 అని క్లుప్తముగా వ్రాయుదురు. ఈ సంఖ్య 1644వ సంవత్సరము మొదలుకొని ఇన్నూటముప్పదిరెండేండ్లు ప్రధానసంఖ్యయని చెప్పబడి, పిమ్మట ఇరువదియేడేండ్లు కారణాంకములు కానరాని సంయుక్తసంఖ్యయై యుండి, తుదకు 1903లో రెండు ముక్కలైనది.

ఒకటియు తానును దక్క వేఱొక సంఖ్య నిశ్శేషముగా భాగింపనిది ప్రధానసంఖ్య. అట్లు భాగింపబడునది సంయుక్తసంఖ్య. చిన్న సంఖ్యలలో ఈ భేదమును పిల్లలును చెప్పగలరు. పెద్ద సంఖ్యలలో కష్టము తెలియును. చదరంగపు మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు చొప్పున బహుమానము కోరిన పండితుని కథ మనవారందఱెఱిగినదే. అరువదినాలుగు గళ్ళకును పట్టు గింజల మొత్తము 2⁶⁴ − 1. మన సంఖ్య దానికి ఇంచుమించు ఎనిమిదిరెట్లు. ఐనను ఆ గింజల సంఖ్యను విడదీయుట మొదట సులభముగనే యుండును. 3, 5, 17 దానిని నిశ్శేషముగా భాగించును. ఘాతసూచికయైన 64 తానే చిన్న సంఖ్యల లబ్ధమగుటయే దీనికి కారణము. 64ను 2, 4, 8 భాగించును గనుక, 2² − 1, 2⁴ − 1, 2⁸ − 1 అను సంఖ్యలు 2⁶⁴ − 1ని భాగించును. 67 ప్రధానసంఖ్య యగుటచే ఆ ద్వారము మూయబడినది. ఘాతసూచిక ప్రధానమైనంతమాత్రమున ఫలము ప్రధానము కావలెనను నియమమును లేదు: 2¹¹ − 1 అనగా 2047, అది 23ను 89చే గుణించిన లబ్ధము.

ఇట్టి సంఖ్యలపై పండితులకు మోజు పుట్టించినవాడు యూక్లిడు. తన్ను భాగించు చిన్న సంఖ్యలన్నిటి మొత్తమునకు తానే సమానమగు సంఖ్యను యవనులు పరిపూర్ణసంఖ్య యనిరి. 6 అట్టిది, 1, 2, 3 కలిపిన 6 అగును. 28 అట్టిది. 2⁵ − 1, అనగా 31, ప్రధానము. కావున 16ను 31చే గుణించిన వచ్చు 496 పరిపూర్ణము. ఈ రీతి ప్రధానసంఖ్య యెక్కడ దొరకిన నక్కడ నొక పరిపూర్ణసంఖ్య దొరకునని యూక్లిడు నిరూపించెను. నాటినుండి ఆ వేట సాగుచున్నది.

పారిసు నగరమున మరేన్ మెర్సెన్ అను సన్న్యాసి యుండెను. ఆయన 1588లో పుట్టి 1648లో గతించెను. ఐరోపాఖండములోని విద్వాంసులు ఒకరితో నొకరు ఉత్తరములు జరుపుకొనుటకు ఆయన గది కూడలివలె నుండెడిది. ఒకరి ప్రశ్న వేఱొకరికి పంపుట, వచ్చిన జవాబును మఱొకరిచే పరీక్షింపజేయుట ఆయన నిత్యకృత్యము. ఆయన 1644లో ప్రకటించిన గ్రంథమున ఒక మాట యున్నది. ఘాతసూచిక 2, 3, 5, 7, 13, 17, 19, 31, 67, 127, 257 అయినపుడు ఫలము ప్రధానసంఖ్య యగుననియు, 257 లోపల మఱి యే సూచికకును కాదనియు దాని సారము. నిరూపణము లేదు. పదునైదిరువది అంకెల సంఖ్య ప్రధానమో కాదో తేల్చుటకు ఎంత కాలమైనను చాలదని ఆయనయే ఆ గ్రంథమున నొప్పుకొనెను. 2²⁵⁷ − 1లో డెబ్బదియెనిమిది అంకెలున్నవి. తేల్చుట శక్యము కాదని చెప్పిన నోటితోనే తేల్చిచెప్పినాడన్నమాట! ఐనను ఆయన పెద్దవాడు, పేరుగలవాడు. ఆ పట్టిక గ్రంథమునుండి గ్రంథమునకు ప్రాకినది. మన తార్కికులు ఆప్తవాక్యమును ప్రమాణములలో చేర్చిరి గాని, ఆప్తుడనగా నున్నది యున్నట్లు ఎఱిగి చెప్పువాడని లక్షణమును గూడ చెప్పిరి. మెర్సెన్ సత్పురుషుడనుటకు సందేహము లేదు. ఈ విషయమున నెఱిగినవాడు మాత్రము కాడు.

ఎఱుగుటకు మార్గమేది? మెర్సెన్‌తో నుత్తరములు జరిపిన ఫెర్మా 1640లో నొక సూత్రము కనిపెట్టెను. ఘాతసూచిక ప్రధానమైనపుడు, ఫలమును భాగింపగల ప్రధానసంఖ్య ఏదైనను ఆ సూచికకు రెట్టింపు యొక్క గుణిజముకంటె ఒకటి యెక్కువగా నుండితీరవలెను. 11కు రెట్టింపు 22. 23, 89 అను రెండును 22 గుణిజములకంటె ఒక్కొకటి యెక్కువ. 67 విషయమున 134 గుణిజములకు ఒకటి కలిపిన సంఖ్యలను మాత్రమే చూచిన చాలును. తరువాతివారు ఇంకొక నియమమును చేర్చిరి: ఎనిమిదిచే భాగించిన శేషము 1 గాని 7 గాని కావలెను. దీనితో వానిలో సగము పోవును. ఇంత పోయినను మిగిలినదెంత? ఇప్పుడు మనకు జవాబు తెలియును గనుక లెక్కకట్టవచ్చును. చిన్న కారణాంకమును చేరుటకు పూర్వము 7,22,789 సంఖ్యలను పరీక్షింపవలెను. దినమునకు నూఱు భాగహారముల చొప్పున, సెలవు లేక చేసినను, ఇంచుమించు ఇరువదియేండ్లు. 3, 5, 7 మొదలగువాని గుణిజములను ఏఱివేసినచో సగమునకు లోపల పడును. నిజమైన కష్టము వేఱొకటి. అటువంటి కారణాంకము ముందుండునో లేదో చేయువానికి తెలియదు. సంఖ్య నిజముగా ప్రధానమే యైనచో వర్గమూలము వఱకు, అనగా పండ్రెండువందల కోట్లు దాటువఱకు, పోయి వట్టి చేతులతో తిరిగిరావలెను.

ఇచ్చట మన దేశపు పండితుని స్మరింపవలసియున్నది. 1356లో నారాయణపండితుడు రచించిన గణితకౌముదిలో భాగాదానమను ప్రకరణము గలదు. సంఖ్యను కారణాంకములుగా విడదీయుట దాని విషయము. అందలి యుపాయమును మేమొక చిన్న సంఖ్యతో చూపెదము. 2911ని తీసికొందము. దానికంటె పెద్దవగు వర్గములను వరుసగా చూడవలెను. 54 వర్గము 2916. భేదము 5, వర్గము కాదు. 55 వర్గము 3025. భేదము 114, అదియు కాదు. 56 వర్గము 3136. భేదము 225, అది 15 వర్గము. కావున 56లోనుండి 15 తీసివేసిన 41, కలిపిన 71. ఈ రెంటి లబ్ధమే 2911. ఒక్క భాగహారమైనను చేయక పని ముగిసినది. ఐరోపాలో ఈ యుపాయము 1643 ప్రాంతమున ఫెర్మా వ్రాసిన యుత్తరమువలన ప్రసిద్ధికెక్కి, నేటికిని ఆయన పేరనే బోధింపబడుచున్నది.

ఇంగ్లండులో తర్కశాస్త్రవేత్తయని పేరొందిన జెవన్సు 1874లో ప్రకటించిన గ్రంథమున 8,61,64,60,799 అను సంఖ్యనిచ్చి, ఏ రెండు సంఖ్యల లబ్ధమో తాను దక్క నెవ్వరును ఎన్నటికిని ఎఱుగకపోవచ్చునను నర్థమున వ్రాసెను. గుణించుట సులభము, విడదీయుట దుష్కరమని చూపుట యాయన యుద్దేశము. ఆ యుద్దేశము సరియైనదే. ఉదాహరణము మాత్రము చెడినది. నారాయణుని మార్గమున 92,825 మొదలుకొని వర్గములను చూచుచు పోయినచో, ఏబదియాఱవ ప్రయత్నమున 92,880 వద్ద భేదము 3,199 వర్గమగును. కారణాంకములు 89,681, 96,079. ఓపికగల విద్యార్థి ఒక మధ్యాహ్నములో చేయగలడు. ఐదువందలయేండ్ల నాటి సంస్కృతగ్రంథములోని యుపాయము చేతనున్నచో జెవన్సు సవాలు నిలువకపోయెడిది.

ఈ మాట విని మనలో కొందఱు వెంటనే మీసము దువ్వుదురు. వారిని కొంచెమాగుమని మేము కోరుచున్నాము. గణితకౌముది పద్మాకర ద్వివేదిగారి పరిష్కరణమున కాశిలో 1936లో మొదటి భాగము, 1942లో రెండవ భాగము అచ్చయినది. అంతకుముందు అయిదువందల యెనుబదియేండ్లు అది వ్రాతప్రతులలోనే యుండెను. నారాయణుడు ఫెర్మాకు ముందు చెప్పెననుట సత్యము. ఫెర్మా యిచ్చటినుండి గ్రహించెననుటకు ఆధారము లేదు. మహావీరాచార్యుడు తొమ్మిదవ శతాబ్దిలో 1,52,207ను 73చే గుణింపుడు, 1,11,11,111 అను హారము వచ్చునని చమత్కరించెను. ఆ గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను కూడ. కంఠస్థము చేసితిమి, ఆనందించితిమి. ఆ హారమును చేతికిచ్చి దారమును విప్పుమని అడిగిన శిష్యుడెవ్వడు? నారాయణుని ప్రకరణమును చదివి, కారణాంకములు దూరదూరముగా నున్నపుడు ఈ యుపాయము పనికిరాదే యని ఎదురు ప్రశ్న వేసిన లేఖకుడెవ్వడు? కేరళమున జ్యేష్ఠదేవుడు యుక్తిభాషను మలయాళవచనమున వ్రాసి, ఉపపత్తులను దేశభాషలో చెప్పవచ్చునని చూపెను. అట్టి వచనగ్రంథము గణితమున తెలుగునకు ఆనాడు కలుగకపోవుట మాకు పెద్ద కొఱతగా తోచుచున్నది.

ఎదురు ప్రశ్న మన సంఖ్యకే తగులును. 2⁶⁷ − 1 కారణాంకములు తొమ్మిదంకెలది యొకటి, పండ్రెండంకెలది యొకటి. నారాయణుని మార్గమున పోయినచో ముప్పదియాఱువేల కోట్లకు పైగా వర్గములను పరీక్షింపవలెను.

ఇట్లుండగా ఫ్రాన్సుదేశీయుడైన ఎడువార్ ల్యూకా 1876లో నూతనమార్గము త్రొక్కెను. కారణాంకములను వెదకకయే సంఖ్య ప్రధానమో కాదో తెలిసికొను మార్గమది. అమెరికాలో లేమరు 1930లో దానిని సులభము చేసెను. ఆ రూపముననే చెప్పెదము. 4తో మొదలుపెట్టి, వర్గించి, రెండు తీసివేసి, పరీక్షింపవలసిన సంఖ్యచే భాగించి, శేషమును మాత్రముంచుకొనవలెను. ఆ శేషమును మరల నట్లే చేయవలెను. ఘాతసూచికకంటె రెండు తక్కువ సార్లు చేసిన పిమ్మట శేషము సున్న యైనచో సంఖ్య ప్రధానము, కానిచో కాదు. 31కి ఘాతసూచిక 5, కావున మూడుసార్లు: 4, 14, 8, 0. ప్రధానమే. 2047కు తొమ్మిదిసార్లు చేయవలెను: 4, 14, 194, 788, 701, 119, 1877, 240, 282, 1736. తుది శేషము సున్న కాదు, 2047 ప్రధానము కాదు. పాఠకులు గమనింపవలసినది, ఈ వరుసలో 23 గాని 89 గాని ఎక్కడను కనబడలేదు. కొండమీది పొగను చూచి అగ్నియున్నదని తార్కికుడు నిశ్చయించును. అగ్నిని చూడలేదు, ఐనను నిశ్చయమునకు లోపము లేదు. ల్యూకా తన రీతిని 2¹²⁷ − 1 ప్రధానమనియు, 2⁶⁷ − 1 ప్రధానము కాదనియు తేల్చెను. మెర్సెన్ మాట అరువదియేడవ సూచిక వద్ద పడిపోయినది. అగ్ని యెక్కడనున్నదో మాత్రము తెలియలేదు.

దానిని కనుగొన్నవాడు న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయమున ఆచార్యుడైన ఫ్రాంక్ నెల్సన్ కోల్. 1903 అక్టోబరు 31వ తేదీన అమెరికా గణితసంఘపు సభలో పెద్ద సంఖ్యల కారణాంకములనుగూర్చి ఆయన యుపన్యాసము ఏర్పాటయి యుండెను. ఆయన లేచి, మాటాడక, నల్లబల్లపై 2 యొక్క 67వ ఘాతమును కట్టి ఒకటి తీసివేసెననియు, ప్రక్కన 19,37,07,721ను 7,61,83,82,57,287చే గుణించెననియు, రెండు లబ్ధములును సమానముగా వచ్చినవనియు, ఆయన మాటాడకయే కూర్చుండగా సభ కరతాళధ్వనులు చేసెననియు కథ. ఎంత కాలము పట్టినదని యడుగగా మూడేండ్ల ఆదివారములని చెప్పెనట. ఈ కథను లోకమునకు చెప్పినవాడు ఎరిక్ టెంపుల్ బెల్. ఆయన కోల్‌వద్ద చదువుకొన్నవాడే గాని, 1903లో కొలంబియాలో లేడు. గ్రంథములోనికెక్కించినది 1951లో, కోల్ గతించిన ఇరువదియైదేండ్లకు. కథలను రక్తి కట్టించుటలో బెల్ సమర్థుడని ఆయన గ్రంథములు చదివినవారెఱుగుదురు. ఆదివారముల మాట తాను స్వయముగా అడిగి తెలిసికొన్నదని చెప్పెను గనుక దానిని నమ్మవచ్చును. సభలో ఒక్క పలుకైనను పలుకలేదనుటను మేము సగమే నమ్ముచున్నాము. కోల్ వ్యాసము ఆ సంఘపు పత్రికలో ఆ సంవత్సరమే అచ్చయినది. గుడ్డిగా భాగించుచు పోక, ఎట్టి సంఖ్యలు కారణాంకములు కాజాలవో వర్గశేషములనుబట్టి ఏఱివేయుచు వచ్చిన విధానము అందున్నది. మౌనము శోభించినది గాని, ఫలించినది ఆ యేఱివేత.

ఆ రెండు సంఖ్యల లబ్ధము సరియో కాదో పాఠకులు తామే చూడవచ్చును. కోల్‌ను నమ్మనక్కఱలేదు, మమ్ము నమ్మనక్కఱలేదు. ముందుగా తొమ్మిదులు తీసివేయు పరీక్ష చేయుడు. మొదటి కారణాంకపు అంకెల మొత్తము 37, తుదకు 1. రెండవదాని మొత్తము 64, తుదకు 1. మన సంఖ్య అంకెల మొత్తము 109, అదియు తుదకు 1. ఈ పరీక్ష తప్పును పట్టుకొనునే గాని ఒప్పును స్థాపింపదు. కావున కాగితము తీసికొని పూర్తిగా గుణింపుడు. పెద్ద కాగితము కావలెను. పైతరగతి విద్యార్థులచే మేమీ పని చేయించినపుడు, పుస్తకము చివర అచ్చయిన జవాబులు చూచి లెక్కను వెనుకనుండి దిద్దుకొనుట కలవాటుపడిన పిల్లలు, ఏ పెద్దలును సంతకము చేయనక్కఱలేని జవాబొకటి కలదని మొదటిసారి యాశ్చర్యపడిరి.

మెర్సెన్ పట్టికలోని తక్కిన దోషములు ఒక్కొక్కటిగా బయటపడినవి. పెర్వుషిన్ అను రష్యాదేశపు పల్లెటూరి క్రైస్తవపురోహితుడు 1883లో 61వ సూచిక ప్రధానసంఖ్యనే యిచ్చునని చూపెను. మెర్సెన్ దానిని విడిచిపెట్టెను. 61కి మాఱుగ 67 అచ్చుతప్పుగా పడియుండునని కొందఱు సమర్థించిరి. తప్పు అదొక్కటే యైనచో ఆ సమర్థన కొంత నిలిచియుండెడిది. అమెరికాలో పవర్సు 1911లో 89ను, 1914లో 107ను చేర్చెను. 1922లో క్రైచిక్ 257ను త్రోసివేసెను. పదునొకండు సూచికల పట్టికలో రెండు తప్పుగా చేరినవి, మూడు తప్పుగా విడువబడినవి. 257 వఱకు అన్నిటిని పరీక్షించుట 1947కు గాని ముగియలేదు. ఒక్క వాక్యమును సరిచూచుటకు మూడువందల మూడేండ్లు పట్టినది. దీనిలో మెర్సెన్‌కు అవమానమేమియు లేదు. ఆ సంఖ్యలకు నేటికిని ఆయన పేరే పెట్టి పిలుచుచున్నారు.

గుణకారము సులభము, దాని విప్పుట కష్టము అను జెవన్సు మాటపైననే పిమ్మట లోకవ్యవహారము నిలిచినది. 1977లో రివెస్టు, షమీర్, ఏడెల్మన్ అను మువ్వురు, రెండు పెద్ద ప్రధానసంఖ్యల లబ్ధమును బహిరంగముగా ప్రకటించి, కారణాంకములను రహస్యముగా నుంచుకొని, గూఢలేఖలు నడుపు పద్ధతిని కల్పించిరి. ఆ సంవత్సరమే వారు 129 అంకెల సంఖ్యనొకదానిని సవాలుగా ప్రకటించి నూఱు డాలర్ల బహుమానము పెట్టిరి. విడదీయుటకు కోట్లకొలది కోట్ల యేండ్లు పట్టునని నాటి యంచనా. 1994లో, ఇంచుమించు ఆఱువందలమంది తమ కంప్యూటర్లను ఎరువిచ్చి, ఎనిమిది మాసములలో విడదీసిరి. జెవన్సునకు పట్టిన గతియే యీ యంచనాకును పట్టినది. ఎన్నటికిని అను పదమును సంఖ్యల సమీపమున వాడరాదేమో. 2002లో కాన్పూరు ఐ.ఐ.టి.లో మణీంద్ర అగ్రవాలును, ఆయన శిష్యులైన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనాలును ఏ సంఖ్యయైనను ప్రధానమో కాదో అంకెల సంఖ్యకు తగిన పరిమితకాలములో నిశ్చయముగా తేల్చు రీతిని ఉపపత్తితో సహా లోకమునకు వెల్లడించిరి. ఆ వ్యాసము తొమ్మిది పుటలు. కొలది దినములలో దేశదేశముల పండితులు దానిని సరిచూచి యంగీకరించిరి. అదియు పొగను చూపునదే, అగ్నిని కాదు. ప్రధానమా యను ప్రశ్నయు, కారణాంకములేవి యను ప్రశ్నయు వేఱువేఱని ల్యూకా నాడు తెలిసినది, నేటికిని అట్లే యున్నది.

2⁶⁷ − 1ని నేటి కంప్యూటరు రెప్పపాటులో విడదీయును. మఱి 2¹²⁷⁷ − 1 అను 385 అంకెల సంఖ్య గలదు. ల్యూకా పరీక్షలో తుదిశేషము సున్న రానందున అది ప్రధానము కాదని నిశ్చయముగా తెలియును. 2024 చివర వఱకు దాని కారణాంకమొక్కటియైనను ఎవ్వరికిని దొరకలేదు.